ముప్పై రెండు గిన్నెల వాన

ఆ ఉదయం హమ్రోకుల్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా సారిక్‌తెపా దిబ్బ మీది వాతావరణ కేంద్రానికి చేరాలి. అక్కడి వానకొలత యంత్రాన్ని మూడుసార్లు పరీక్షించాలి. పదకొండుకి కాగితం నింపేసి, కనుమ దగ్గరి కొట్టులో నాలుగు చువ్వల కబాబు తిని, పొద్దుగూకేలోపు ఇల్లు చేరాలి. ప్రణాళికలో తిండి సంగతి సరిగ్గా రాసుకుంటే మిగతా పని దానంతటదే నడుస్తుందని ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో అతనికి కుదిరిన నమ్మకం.

అయితే ఈసారి సంచిలో పనిముట్లతో పాటు ఒక ఉత్తరం కూడా ఉంది. ఇనుప పనిముట్లన్నీ ఒక ఎత్తు, ఆ కాగితం ఒక ఎత్తు.

సారిక్‌తెపాలో ముప్పై ఒక్క ఏళ్లుగా వాన కొలిచి రాస్తున్న మనిషి హోసియత్. గుంజ మీద ఒక డబ్బా ఉంటుంది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి అందులో పడ్డ నీటిని గాజు గ్లాసులో పోసి చూసి, పుస్తకంలో రాయడం ఆవిడ పని. మూడేళ్ల కిందట శాఖవాళ్లు ఆ డబ్బా పక్కనే కొత్త యంత్రాన్ని నిలబెట్టారు. అప్పటినుంచి మొదలైంది పేచీ. ఆవిడ ఎనిమిది అంటే యంత్రం ఏడంటుంది. పెద్దవానకైనా చినుకుకైనా అదే పాళ్లలో తేడా. కొలతల విభాగం అధికారి నజారోవిచ్ గారు ఆలోచించి తీర్పు చెప్పేశారు. యంత్రానికి కడుపు లేదు, చుట్టాలు లేరు, కాబట్టి అబద్ధమాడదు. ముసలావిడే ఇంట్లో కూర్చుని అంకెలు అల్లుతోంది. యంత్రం ఈ పరీక్షలో నెగ్గిందంటే, జూన్ ఒకటి నుంచి హోసియత్ ఉద్యోగం రద్దు. అంతేకాదు, ఆవిడ రాసిన ముప్పై ఒక్క ఏళ్ల లెక్కలూ నమ్మదగనివని రికార్డులోంచి కొట్టేస్తారు. పరీక్ష అయ్యాక ఆవిడ చేతికివ్వమని పంపిన ఉత్తరంలో ఉన్నది అదే.

హమ్రోకుల్ ఆ పుస్తకాలన్నీ చదివినవాడు. భర్తను మట్టిచేసిన రోజు కూడా హోసియత్ రెండు కొలతలు రాసింది. ఉదయం సున్నా, సాయంత్రం సున్నా. సున్నాలు కాస్త వంకరగా ఉన్నాయి గాని, వేళ తప్పలేదు. అలాంటి మనిషికి ఈ ఉత్తరం ఇవ్వాలంటే అతనికి ప్రాణం ఒప్పడం లేదు.

అతను వెళ్లేసరికి హోసియత్ చాప పరిచి, రొట్టె విరిచిపెట్టి, గిన్నెలో పచ్చటీ పోసి సిద్ధంగా ఉంది.

"ఏం తమ్ముడూ, యంత్రాన్ని చూడ్డానికొచ్చావా, నన్ను చూడ్డానికొచ్చావా?"

"యంత్రాన్నే అక్కా."

"అయితే నన్ను చూడ్డానికే వచ్చావన్నమాట." ఆవిడ తనూ ఒక గుక్క తాగింది. "ఉద్యోగం పోతే పోయింది. నడుం నొప్పితో దిబ్బ ఎక్కే బాధ తప్పుతుంది. కానీ పుస్తకాలు కొట్టేస్తారట కదా? అది అబద్ధమని ఒక్క మాట చెప్పు."

హమ్రోకుల్ రొట్టెముక్క నోట్లో పెట్టుకుని, అది ఎంతకీ నమలడం పూర్తికానట్టు నటించాడు.

"సరేలే, అర్థమైంది," అంది హోసియత్. "ఒకటి మాత్రం విను. నామీద జాలితో ఒక్క చుక్క అటూ ఇటూ చేశావో, ఈ టీ నీకు హరాం. పొయ్యాల్సినంత పొయ్యి, పడ్డంత రాయి."

పరీక్ష నిజానికి పెద్ద విద్యేమీ కాదు. యంత్రం పైన గరాటు, దాని కింద తక్కెడలాంటి చిన్న పలక, పలక రెండు కొసల్లో రెండు చిట్టి చిప్పలు. ఒక చిప్ప నిండగానే వాలిపోయి నీళ్లు ఒంపేసి టక్‌మంటుంది, రెండోది పైకొస్తుంది. హమ్రోకుల్ దగ్గర సన్నముక్కు సీసా ఒకటి ఉంది. దాని మీద ఎర్రగీత, గీత పక్కన ప్రభుత్వ ముద్ర. గీతవరకు నీళ్లు నింపి గరాటు మీద బోర్లిస్తే ఐదు నిమిషాలపాటు చుక్క చుక్కగా కారుతుంది. అన్నీ సరిగ్గా ఉంటే సీసాకు ఇరవై ఐదు టక్కులు రావాలి. పరీక్షనీళ్లను వాన అనుకుని కేంద్ర కార్యాలయం కంగారు పడకుండా ముందే తీగ పీకేయాలి. ఆ సంగతి మరిచిపోయి నడిఎండాకాలంలో వరద పంపిన ఘనులు శాఖలో ఇద్దరున్నారు. హమ్రోకుల్ వాళ్లలోవాడు కాదు. తీగ పీకి, చెవి యంత్రానికి ఆనించి, పెన్సిల్ పట్టుకున్నాడు.

అడ్డుపడింది గాలి. దక్షిణం నుంచి అఫ్గాన్ గాలి దుమ్మెత్తిపోస్తూ కొడుతోంది. సీసాలోంచి పడే చుక్క గరాటులో పడకుండా హమ్రోకుల్ చెవిలో పడుతోంది. గాలికి అడ్డంగా కట్టాల్సిన గుడ్డతెర సంచిలో లేదు. అది ఇంటి దగ్గర గడ్డివాము మీద కప్పి ఉంది. పొద్దున భార్య "ఆ గుడ్డ వాడుకుంటున్నా" అని చెప్తే "వాడుకో" అన్నది తనే.

"నా పాత గౌను ఉంది, ఇమ్మంటావా?" అంది హోసియత్.

"ఏదైనా సరే అక్కా, గాలి ఆగితే చాలు."

గడ్డి లాగే దంతె కర్రను యంత్రం గుంజకు అడ్డంగా కట్టి, పూలపూల గౌనును రెండు చేతులూ చాచి దానికి తొడిగాడు. గరాటు చుట్టూ కూడా గాలి తగలకుండా ఆవిడే ఇచ్చిన ఎర్ర తలగుడ్డ చుట్టాడు. బ్రహ్మాండంగా కుదిరింది. ఒక్క చుక్క కూడా పక్కకు పోవడం లేదు. హమ్రోకుల్ తన తెలివికి తనే మురిసిపోయి, గట్టుపైకి ఎక్కి నిలబడి, సీసా బోర్లించి లెక్క మొదలుపెట్టాడు.

అతను చూడనిది ఒకటుంది. అది కింద ఊళ్లోంచి కనిపించే దృశ్యం.

ఆ ఊళ్లో నలభై మూడు రోజులుగా చుక్క వాన లేదు. దిబ్బ చుట్టూ వానాధారపు గోధుమ జానెడెత్తున నిలబడి మొదళ్లు పసుపెక్కుతోంది. అలాంటి కరవు కాలంలో సారిక్‌తెపా ఆడవాళ్లు సూస్ ఖాతూన్‌ను నిలబెడతారు. కర్రలకు పాత గౌను తొడిగి, తలగుడ్డ కట్టిన ఆడబొమ్మ అది. ఇంటింటివాళ్లూ దాని నెత్తిన నీళ్లు పోసి వాన అడుగుతారు. సరిగ్గా అలాంటి బొమ్మే ఇప్పుడు దిబ్బ మీద చేతులు చాచి నిలబడి ఉంది. దాని నెత్తిన ఎవడో మీసాలవాడు చుక్క చుక్కగా నీళ్లు పోస్తున్నాడు.

పద్దెనిమిదో టక్కు దగ్గర వెనకనుంచి కర్ర ఒకటి హమ్రోకుల్ పిక్కకు తగిలింది.

"ఒరేయ్! మగపుట్టుక పుట్టి ఖాతూన్ నెత్తిన నీళ్లు పోస్తావా? నీకు అమ్మ లేదా? చెప్పలేదా?"

కర్ర పట్టుకున్న అవ్వ పేరు కుమ్రి. డెబ్భై ఎనిమిదేళ్లు. ఊళ్లో పెళ్లి వంటలనుంచి వాన మొక్కులదాకా ఆడవాళ్ల పనులన్నింటికీ ఆవిడే పెత్తనం. వెనక నలుగురు ఆడవాళ్లు కొంగులతో నోళ్లు మూసుకుని ఘోరం చూస్తున్నట్టు నిలబడ్డారు.

"ఖాతూన్ కాదవ్వా, ఇది యంత్రం. గాలికి అడ్డంగా గౌను..."

"గౌను తొడిగావా లేదా?"

"తొడిగాను."

"తలగుడ్డ కట్టావా లేదా?"

"కట్టాను గానీ..."

"నీళ్లు పోశావా లేదా?"

హమ్రోకుల్ చేతిలోని సీసాను వెనక దాచబోయాడు. ఎలా చెప్పినా తను చేసింది అదే.

"ఇంకేం, మొదలుపెట్టేశావు," అంది అవ్వ, గుంజకు ఆనుకుని రొప్పు తీర్చుకుంటూ. "మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తే ఏడేళ్ల కరవు. మా మేనత్త కాలంలో ఒకసారి అయింది. గొర్రెలు ఒకదాని ఉన్ని ఒకటి తిన్నాయి. ఇక ఊళ్లో ముప్పై రెండు ఇళ్లూ వచ్చి పోయాల్సిందే. వెళ్లండే, పిలుచుకురండి!"

నలుగురూ దిబ్బ దిగి పరుగెత్తారు. హమ్రోకుల్ సహాయం కోసం హోసియత్ వంక చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. కుమ్రి అవ్వకూ ఆవిడకూ మధ్య పాతికేళ్లనాటి గొడవ ఉంది. అవ్వ కూడా ఆవిణ్ని అప్పుడే చూసింది.

"ఓహో, మహాతల్లి ఇక్కడే ఉందే! నాయనా, నీకు తెలీదు. నేను దగ్గరుండి చేయించిన ఖాతూన్‌కి ఆ ఏడు కుండపోత పడింది. మా పెరట్లో బాతులు ఈదాయి. ఈవిడ పుస్తకంలో ఎంత రాసిందో తెలుసా? నాలుగు మిల్లీమీటర్లు! నాలుగట!"

"పడింది నాలుగే అవ్వా," అంది హోసియత్ నెమ్మదిగా.

"బాతులు ఈదాయే!"

గొడవ పెరగకుండా హమ్రోకుల్ మధ్యలో దూరాడు. "అవ్వా, పొయ్యండి, కాదనను. కానీ ఇది సున్నితమైన సరుకు. బిందెలతో కుమ్మరిస్తే లోపలి పలక విరుగుతుంది. నా మీద దయుంచండి."

కుమ్రి అవ్వ అతన్ని పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. "ఎవరు కుమ్మరిస్తారు? ఎలాంటి వాన కావాలో అలా పోయాలి. మా ఆడపడుచు ఒకసారి బడుద్ధాయిలా బిందెడూ ఒక్కసారి గుమ్మరించింది. వారానికల్లా కొండమీంచి బురదవరద దిగి రెండు దూడల్నీ ఒక రొట్టెల పొయ్యినీ ఎత్తుకుపోయింది. చుక్క తర్వాత చుక్క పడాలి. అందరూ సమానంగా పోయాలి. ఎక్కువైతే వరద, తక్కువైతే కరవు. అది సరే గానీ ఆ చేతిలో సీసా ఏంటి?"

హమ్రోకుల్ సీసా ఇచ్చాడు. అవ్వ దాన్ని ఎండకు ఎత్తిపట్టి చూసింది. సన్నముక్కు ఆవిడకు నచ్చింది. ఎర్రగీత ఇంకా నచ్చింది.

"ఈ గీత ఎవరు పెట్టారు?"

"ప్రభుత్వం అవ్వా. ముద్ర కూడా ఉంది."

"బాగుంది. సంఝార్ పెళ్లాం ఎప్పుడూ సగం గిన్నెతో వస్తుంది. అడిగితే దారిలో ఒలికిందంటుంది. ఇవాళ దొరికింది." సీసాను ఆవిడ చంకలో పెట్టుకుంది. "ఇక నువ్వెళ్లు."

"ఎక్కడికి?"

"మూడొందల అంగల అవతలికి. ఖాతూన్ దగ్గర మగకన్ను పడకూడదు."

"అవ్వా! యంత్రం నాది, సీసా నాది, పరీక్ష నాది!"

"అయితే గౌను నువ్వే తొడుక్కో, నెత్తిన పోస్తాం."

హమ్రోకుల్‌కు మింగలేక కక్కలేక ఉంది. లెక్క చూసుకునే మనిషి లేకుండా యంత్రం మీద ముప్పై రెండు సీసాల నీళ్లు పడబోతున్నాయి. "అక్కా, కనీసం నువ్వైనా టక్కులు లెక్కపెట్టు," అని హోసియత్‌ను బతిమాలాడు.

"నేను పెట్టను," అంది హోసియత్. "నేను లెక్కపెడితే అంకెలు అల్లిందంటారు. నేనూ నీ వెనకే దిగుతున్నా. యంత్రం మీద నా చేయి పడిందనే మాట రాకూడదు."

అది నిజమే. దిక్కుతోచక హమ్రోకుల్ అవ్వనే అడిగాడు. "పోనీ మీరే చూడండవ్వా. నీళ్లు పడుతుంటే లోపల టక్‌మంటుంది. ఎన్నిసార్లు అంటుందో అది నాకు కావాలి."

"ఎందుకు?"

"అది... వాన లెక్క."

కుమ్రి అవ్వ మెడలోంచి తొంభైతొమ్మిది పూసల తస్బీమాల తీసింది. "లెక్క నాకు నేర్పకు. నడు."

దిబ్బ కింద గొర్రెల దొడ్డి ఉంది. దాని మట్టిగోడ మీద హమ్రోకుల్, కాస్త ఎడంగా హోసియత్ కూర్చున్నారు. ఊళ్లోంచి ఆడవాళ్లు వరసకట్టి గిన్నెలతో, బిందెలతో ఎక్కుతున్నారు. పాటలూ మొదలయ్యాయి. ఇంతలో ఊరిపెద్ద చోరియోర్ మొక్కు విందుకని ఒక గొర్రెను ఈడ్చుకుంటూ చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఏంటన్నా ఇది! ప్రభుత్వం తరఫున వాన తెప్పిస్తూ మాకొక్క మాట చెప్పరా? జిల్లావాళ్లు అడిగితే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? అదృష్టం, నేనే ముందు ఫోన్ చేసి చెప్పేశా."

హమ్రోకుల్ గబుక్కున అతని వైపు తిరిగాడు. "జిల్లాకా? ఏమని చెప్పావు?"

"వాతావరణ శాఖవాళ్లు వచ్చి మా ఊళ్లో వాన పని మొదలెట్టారని. మంచి మాటేగా! వాళ్లూ సంతోషించారు. మిగతా ఊళ్లకు ఏ తారీకున వస్తారో జాబితా పంపమని మీ ఆఫీసుకు ఫోన్ చేస్తామన్నారు."

ఆ మాట పూర్తయ్యిందో లేదో హమ్రోకుల్ జేబులో ఫోన్ మోగింది. నజారోవిచ్ గారు.

"హమ్రోకుల్, పరీక్ష జరుగుతోందా?"

"జరుగుతోందండీ."

"నువ్వెక్కడున్నావు?"

"మూడొందల అంగల దూరంలో ఉన్నానండీ."

"యంత్రం దగ్గర ఎవరున్నారు?"

"ముప్పై రెండుమంది ఆడవాళ్లండీ."

"ఫోటో తీసి పంపు," అన్నాడు అధికారి.

హమ్రోకుల్ అబద్ధం చెప్పడం తెలియనివాడు కాబట్టి ఉన్నదున్నట్టు దూరంనుంచే తీసి పంపాడు. పూలగౌను, ఎర్ర తలగుడ్డ, చాచిన చేతులు, చుట్టూ పాడుతున్న జనం. ఆ తర్వాత ఫోన్ మోగలేదు. మోగకపోవడమే అతన్ని ఎక్కువ భయపెట్టింది. గంటన్నర తర్వాత దుమ్ము లేపుకుంటూ తెల్లకారు వచ్చి దొడ్డి ముందు ఆగింది.

మూడేళ్ల కిందట ఆ యంత్రాన్ని స్వయంగా బిగించింది నజారోవిచ్ గారే. ఫోటోలవాళ్లను పిలిపించి, వాళ్లముందు తన చేత్తోనే మరలు తిప్పాడు. అందుకే ఆయనకు దాని మీద కన్నబిడ్డ మీదున్నంత నమ్మకం. కారు దిగీ దిగగానే ఎవరితో మాటా పలుకూ లేకుండా దిబ్బ ఎక్కడం మొదలుపెట్టాడు.

"అయ్యా, వద్దండీ, మగవాళ్లు..." అని చోరియోర్ వెనకనుంచి అరిచాడు.

"నేను మగవాణ్ని కాదు, అధికారిని!" అన్నాడు ఆయన తిరిగి చూడకుండా.

దిబ్బ మీదివాళ్లు ఆ తేడా గుర్తించలేదు. హద్దు దాటిన మగవాణ్ని నిలువునా తడపడం అక్కడి రివాజు. వాళ్ల దగ్గర బిందెలు నిండుగానే ఉన్నాయి. నజారోవిచ్ గారు వెళ్లినంత వేగంగానే తిరిగొచ్చారు, కోటు అంచులనుంచి నీళ్లు కారుతున్నాయి. నలభై మూడు రోజుల తర్వాత ఆ ఊళ్లో మొదటి తడి ఆయన ఒంటి మీదే పడింది. చోరియోర్ మర్యాదగా గోడమీద చోటిచ్చి, గొర్రెను పక్కకు జరిపాడు.

"నువ్వే కదూ హోసియత్?" అన్నాడు అధికారి ముఖం తుడుచుకుంటూ. "పరీక్ష జరగకుండా ఊరిని ఉసిగొల్పావు. తెలివైనదానివే. హమ్రోకుల్, ఉత్తరం ఇచ్చావా?"

"పరీక్ష అయ్యాక ఇమ్మన్నారు కదండీ."

"ఇంకేం పరీక్ష! ఇప్పుడే ఇవ్వు."

హోసియత్ చేయి చాపింది, అంతే. ఆ చేతివేళ్లు ముప్పై ఒక్క ఏళ్లుగా చలికాలపు మంచును కూడా కరగబెట్టి కొలిచిన వేళ్లు. హమ్రోకుల్ సంచిలో చేయి పెట్టాడు గాని, బయటికి తీయడానికి అతనికి చేయి రాలేదు. పెన్సిల్ తగిలింది, మరలు తిప్పే పనిముట్టు తగిలింది, ఉత్తరం కూడా తగిలింది. దాన్ని అడుక్కు తోసేసి ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

అప్పుడే దిబ్బ మీద పాట ఆగింది. మొక్కు ముగిసింది. ముందు కుమ్రి అవ్వ, వెనక ఆడవాళ్లంతా దిగి వచ్చారు. అధికారి అవ్వను చూడగానే, ఈ ఊళ్లో మాట చెల్లేది ఈవిడదేనని పసిగట్టాడు.

"అమ్మా, పెద్దవారు మీరు చెప్పండి. ఈ హోసియత్ రాసే లెక్కలు నమ్మచ్చా?"

"ఛీ! పాతికేళ్లుగా చెప్తున్నాను, ఒక్కడూ వినడు. ఈవిడ రాసేవన్నీ తప్పుడు లెక్కలే."

"విన్నావా హమ్రోకుల్? ఊరే చెప్తోంది!" నజారోవిచ్ గారి ముఖం తడిలోనూ వెలిగింది.

"పడిన వానకంటే తక్కువ రాస్తుంది," అంది అవ్వ.

"తక్కువా? ఎక్కువ రాస్తోందని కదా మా ఫిర్యాదు!"

"తక్కువ! బాతులు ఈదితే నాలుగు రాసింది." అవ్వ ఆయన్ని వదిలేసి హమ్రోకుల్ వైపు తిరిగి మాల ఎత్తిచూపింది. "ఇదిగో నాయనా నీ లెక్క. ముప్పై రెండు ఇళ్లు, ముప్పై రెండు సీసాలు. ఒక్కటీ గీతకు తగ్గలేదు, గీత దాటలేదు. సంఝార్ పెళ్లాం చేత కూడా నిండా పోయించా. నీ టక్కులు ఏడుసార్లు మాల తిరిగి, పైన ఏడు పూసలు."

హమ్రోకుల్ గోడ దిగి, పుల్లతో దుమ్ములో లెక్క వేశాడు. తొంభైతొమ్మిదిని ఏడుతో హెచ్చవేశాడు. ఏడు కలిపాడు. ఒకసారి చెరిపి మళ్లీ వేశాడు. ఏడొందలు. ముప్పై రెండు సీసాలకు సీసాకు ఇరవై ఐదు చొప్పున రావాల్సింది ఎనిమిదొందలు.

తను మూడు సీసాలతో చేయాల్సిన పరీక్షను ఊరు ముప్పై రెండింటితో చేసింది. చుక్క చుక్కగా, ముద్రగీత దాకా, ఒక్కటీ తప్పకుండా. శాఖ చరిత్రలో ఇంత నిక్కచ్చిగా ఎవరూ చేసి ఉండరు.

"నజారోవిచ్ గారూ, యంత్రం ఎనిమిదికి ఏడే చెప్తోందండీ. హోసియత్ అక్క రాసేది ఎనిమిది. ఆవిడే సరి."

"అసంభవం! ఈ ముసలావిడ మాల లెక్క తప్పి ఉంటుంది."

ఆ మాట అన్న మరుక్షణం, అనకుండా ఉండాల్సిందని ఆయనకూ తెలిసిపోయింది. ముప్పై రెండుమంది ఆడవాళ్లు ఒక్కసారిగా ఆయన వైపు తిరిగారు. గొర్రె కూడా నమలడం ఆపింది.

"అరవై ఏళ్లుగా రోజుకు ఐదుసార్లు ఈ మాల తిప్పుతున్నాను," అంది కుమ్రి అవ్వ గొంతు పెంచకుండా. "ఒక్క పూస తప్పితే పైన నేను జవాబు చెప్పుకోవాలి. నీ లెక్క తప్పితే నువ్వెవరికి చెప్పుకుంటావు నాయనా?"

నజారోవిచ్ గారికి ఒక ఉపమంత్రి పేరు గుర్తొచ్చింది గాని, ఆ సందర్భంలో అది చెప్పడం బాగుండదనిపించింది.

అవ్వ ఆలోచనలో పడింది. "నాకొకటి అర్థం కాలేదు. పోసింది ఎనిమిదొందలకి, పలికింది ఏడొందలు. మరి ఆ నూరూ ఎవరు మింగారు?"

"యంత్రమే అవ్వా," అన్నాడు హమ్రోకుల్. "లోపలి మర సరిగ్గా బిగించలేదు. చిప్పలో నీళ్లు ఎక్కువ పడితే గాని అది వాలడం లేదు."

"ఎవరు బిగించారు?"

ఎవరూ వేలు చూపించలేదు. అందరి కళ్లూ తడికోటు వైపు తిరిగాయి.

"ఓహో!" అంది అవ్వ. "అయితే మూడేళ్లుగా మా వానలో ఎనిమిదో వంతు ఈయన డబ్బాయే మింగుతోందన్నమాట. కరవు ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది."

ఈ వాదంలోని తప్పును విడమరచి చెప్పాలని అధికారి నోరు తెరిచాడు. ఎదురుగా ముప్పై రెండు ఖాళీ గిన్నెలూ, వాటిని పట్టుకున్న చేతులూ కనిపించాయి. నోరు మూసుకున్నాడు.

హోసియత్ అప్పటిదాకా గోడ మీదే ఉంది. కళ్లనుంచి నీళ్లు కారిపోతుంటే తుడుచుకోను కూడా లేదు. ఏడుస్తోందని ఆవిడకు తెలిసినట్టు లేదు. కుమ్రి అవ్వ దగ్గరికి వచ్చి, కర్ర నేలకు ఆనించి, కాసేపు సణిగింది. పాతికేళ్ల పగ ఒక్కపూటలో వదులుకోవడం ఆవిడకూ కష్టంగానే ఉంది.

"సరే. నువ్వు రాసేవి నిజమే. ఆ నాలుగు తప్ప."

"నాలుగే అవ్వా."

"బాతులు ఈదాయి."

"ఈదాయి, నేనూ చూశా. ఆ నాలుగులోనే ఈదాయి."

అవ్వ ఆవిణ్ని కాసేపు తేరిపార చూసి, తన తలగుడ్డ కొంగుతో ఆవిడ చెంపలు తుడిచింది. "మొండిఘటం," అంది. "లే, గోధుమ అంబలి వండాలి. గొర్రె తనంతట తను కుండలో దూకదు."

మధ్యాహ్నం అందరూ ఆ అంబలి తిన్నారు. తడిబట్టలతో ఉన్నాడని నజారోవిచ్ గారిని పొయ్యికి దగ్గరగా కూర్చోబెట్టి, మాంసం ఎక్కువ పడేలా వడ్డించారు. తప్పు చేసినవాడైనా అతిథి అతిథే. రెండో గిన్నె ముగిశాక ఆయన హమ్రోకుల్ వైపు చేయి చాపి, "ఆ ఉత్తరం ఇటివ్వు," అన్నాడు. ఈసారి అది సంచిలో వెంటనే దొరికింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి తడికోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత హోసియత్ వైపు చూడకుండా, "ఆ పుస్తకాలు జాగ్రత్తగా దాచమ్మా, మూడేళ్ల యంత్రం లెక్కలు వాటిని చూసి దిద్దుకోవాలి," అన్నాడు. గొంతు కాస్త బొంగురుపోయింది. జలుబు అప్పటికే పట్టేసింది మరి.

హమ్రోకుల్ ఆ రాత్రి చోరియోర్ ఇంట్లో ఉండిపోయి, పొద్దున్నే గాలి లేచేలోపు మరలు సరిచేశాడు. సీసాకు ఇరవై ఐదు టక్కులు, మూడుసార్లూ. అవ్వ ఒప్పుకోకపోవడంతో గౌను మాత్రం విప్పలేదు. వాన పడేదాకా ఖాతూన్ బట్టలు విప్పకూడదట. తొమ్మిదో రోజు తెల్లవారుజామున వాన పడింది. గోధుమ మరీ గింజకట్టకుండా పోయే గండం గడిచింది. హోసియత్ డబ్బాలో ఆరు, గౌను వేసుకున్న యంత్రంలోనూ ఆరు. వాన తెచ్చింది తన మాలే అని అవ్వా, తన గొర్రే అని చోరియోరూ ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

హమ్రోకుల్ నివేదికలో జరిగిందంతా ఉన్నదున్నట్టు రాశాడు. "పరీక్షకు వాడిన సాధనాలు" అన్న గడిలో "కొలతసీసా ఒకటి, తస్బీమాల ఒకటి, గృహిణులు ముప్పై రెండు" అని నింపాడు. నజారోవిచ్ గారు తుమ్ముతూనే సంతకం పెట్టి రాజధానికి పంపించారు. నెల తిరక్కుండానే కాగితం ఎర్రసిరా గుర్తుతో వెనక్కి వచ్చింది. గృహిణుల మీద పైవాళ్లకు ఏ అభ్యంతరమూ లేదట, తస్బీమాలకు చివరిసారి తనిఖీ జరిగిన తేదీ మాత్రం రాయలేదట.